తలుపు వెనక రాసిన తేదీ

ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధి తలుపు వెనక ఒక పక్క పాల లెక్క, ఇంకో పక్క చాకలి పద్దు ఉండేవి. పాలకు చుక్కలు, బట్టలకు గీతలు. ఆ రెండింటికీ పైన, మామూలుగా ఎవరి చెయ్యీ తగలనంత ఎత్తులో, బొగ్గుతో రాసిన ఒకే ఒక వరుస. "ఆనంద సం. మాఘ బహుళ తదియ. బాతు పిల్లలు అయిదు." ఆ చేతిరాత నాది. 1975 ఫిబ్రవరి నెలాఖరు. అప్పుడు పదో తరగతి చదువుతున్నాను. కింద స్టూలు పట్టుకుని నిలబడింది మా అవ్వ.

"బాగా దిద్ది రాయమ్మీ. నువ్వు పుడితే కచేరీలో రాసినారు. ఇవి పుడితే ఎవరు రాస్తారు?"

అవ్వకు చదువు రాదు. కానీ రాత విలువ తెలుసు. మాది నేత ఇల్లు. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘంలో మా నాయన సభ్యుడు. సంఘం ఇచ్చిన నూలు ఎంత, తిరిగి వేసిన బట్ట ఎన్ని గజాలు, మజూరీ ఎంత, అన్నీ పాసుపుస్తకంలో పడేవి. అంతకుముందు షావుకారు నోటిలెక్క మీద బతికిన ఇల్లు అది. షావుకారు చెప్పిందే అప్పు, అతను ఒప్పుకుందే చెల్లు. కాగితం మీద పడిన అంకెను ఎవరూ మార్చలేరన్న ధైర్యం సంఘం వచ్చాకే మా ఇంట్లోకి వచ్చిందని నాయన చెప్పేవాడు. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా వీధి వీధంతా బెల్లం పంచుకున్నారట. ఆ ధైర్యాన్నే అవ్వ బాతులకు కూడా ఇచ్చింది.

ఆ అయిదింటిలో ఒకటి గౌరి. 1998 సెప్టెంబరులో, దసరాకు కొద్దిరోజుల ముందు, ఆదోనిలో మా పెరటి వేపచెట్టు కింద కన్నుమూసింది. ఇరవై మూడేళ్ల ఏడు నెలలు బతికింది. ఈ అంకెను నేను ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నది ఆ బొగ్గు రాత వల్లే.

బాతు ఎన్నేళ్లు బతుకుతుందని అడగండి, ఎవరికి తోచింది వారు చెబుతారు. మూడేళ్లంటారు కొందరు. కూరకు పెంచేవాళ్ల దగ్గర అది అంతకుమించి బతకదు కాబట్టి వారి అనుభవం అంతే. "మా తాత కాలం నుంచీ ఉంది" అంటారు ఇంకొందరు. మధ్యలో ఎన్ని తరాలు మారాయో గమనించి ఉండరు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో జీవశాస్త్రం చెప్పాను. చెప్పిన వయసుకూ రాసిన వయసుకూ ఎంత దూరముంటుందో బాతుల దగ్గరే నేర్చుకున్నాను. ఈ పడమటి కర్నూలులో బాతుల సంగతి రాయడానికి కూర్చున్నది అందుకే.

ముందు మా అవ్వ పెంపకం చెప్పాలి. ఇక్కడ నేను బాతు అంటున్నది వడ్లపొలాల్లో మందలుగా తిరిగే చిన్న నీటిబాతును కాదు. మా వైపు పెద్ద బాతు అంటారు, పట్నంలో హంస బాతు అంటారు. నిటారు మెడ, ముక్కు మొదట్లో బుడిపె, ముక్కుమీద కోపం. బుడిపె ఉన్నవాటి మూలం తూర్పు ఆసియా అడవి బాతు. బుడిపె లేని యూరపు రకాల మూలం గ్రేలాగ్ అనే బూడిదరంగు అడవి బాతు. రెండూ వేల ఏళ్ల కిందటే మనిషి ఇంటికి చేరినవే. మన దేశపు పెరళ్లలో రెండు రక్తాలూ కలిసిపోయాయి.

గుంతమగ్గాల ఇంట్లో ఖాళీ జాగా తక్కువ. పడుగు సాచడానికి వీధే దిక్కు. తెల్లవారుజామున వీధిలో పడుగు చాపి గంజి పెడుతుంటే, అడుగున మిగిలిన గంజి బాతులది. అయితే గంజికి బూజు పట్టకుండా మైలుతుత్తం కలిపిన రోజున అవ్వ వాటిని గంప కిందనుంచి బయటికే రానిచ్చేది కాదు. మిగిలినదాన్ని దూరంగా గుంత తీసి పోయించేది. ఆ నీలిరాయిలోని రాగి పక్షి కాలేయాన్ని దెబ్బతీస్తుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. అవ్వకు ఆ మాట ఎవరు చెప్పారో తెలియదు. "నీలి గంజి తాగితే నీలుగుతాయి" అనేది, అంతే. పొద్దెక్కాక మేతకు తోలేది. బాతు పశువులాగా పచ్చిగడ్డి కొరికి తినే పక్షి. కోడికి గింజ ఎంతో దీనికి గడ్డి అంత. మధ్యాహ్నం రాతితొట్టి నిండా నీళ్లు. తాగడానికే కాదు, తల మునిగేంత లోతు ఉండాలి. ముక్కూ కళ్లూ కడుక్కోలేని బాతుకు కళ్లు పుసికట్టి జబ్బు మొదలవుతుంది. పొద్దుగూకితే లోపల వేసి రాయి అడ్డం పెట్టడం. ఊరకుక్కల నోట పోయినన్ని బాతులు ఏ రోగంతోనూ పోలేదని అవ్వ లెక్క. నా లెక్కా అదే.

1979లో నా పెళ్లయింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో గంట ప్రయాణం. అరణంగా వచ్చిన సామానులో ఒక ఇత్తడి బిందె, రెండు సంఘం దుప్పట్లు, గౌరి, దాని జత పోతు. కండక్టరు టికెట్టు అడిగితే మా చిన్నాయన రెండు బాతులకూ లగేజీ టికెట్టు తీసుకున్నాడు. ఆ టికెట్టు ముక్కను కూడా చాలా కాలం దాచాను.

ఆదోని అంటే కోట, పత్తి. కోటలో ఎవరెవరు ఎన్నేళ్లున్నారో పుస్తకాల్లో ఉంది. విజయనగరం పోయాక బీజాపూరు సుల్తానులు ఏలారు. వారి తరఫున సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడ ఉండి జామియా మసీదు కట్టించాడు. 1680ల చివర కోట ఔరంగజేబు సేనల వశమైంది. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ 1782లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. 1786లో టిప్పు వచ్చి కోటను కూలగొట్టించాడు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్లకు ధారపోశాడు, మన్రో కలెక్టరుగా వచ్చాడు. ఇన్ని మార్పులు జరుగుతున్నప్పుడూ ప్రతి చలికాలం రణమండల కొండ మీదుగా బాతుల బారులు పోతూనే ఉండి ఉంటాయి. వాటిని ఎవరూ రాయలేదు. కొండ కింద రాంజల చెరువు గట్టున కూర్చున్నప్పుడల్లా నాకు ఈ ఆలోచనే వచ్చేది.

మా మామగారు ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆ కాంపౌండు పక్కనే మా క్వార్టరు. సీజనులో ఆవరణ అంతా తెల్లటి పత్తి గుట్టలు, అటుపక్క బేళ్లు. పత్తికి నిప్పు ఎంత శత్రువో దొంగ అంత. గౌరీ దాని పోతూ వచ్చిన మొదటి నెలలోనే, రాత్రి గోడ దూకిన ఒకణ్ని కూతలతో పట్టించాయి. కావలి మనిషి నిద్రపోయాడేమో, బాతు నిద్రపోలేదు. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో రోము కోటను రాత్రివేళ శత్రువు ఎక్కుతుంటే జూనో గుడి బాతులు అరిచి లేపాయని చరిత్రలో చదివిందే. స్కాట్లండులో డంబార్టన్ దగ్గర విస్కీ గోడౌన్లకు 1959 నుంచి 2012 దాకా బాతుల మందే కావలి. ఆ సంఘటన తర్వాత మా మామగారు వాటి మేత ఖర్చును ఫ్యాక్టరీ చిల్లర పద్దులో "కావలి బాతులు" అని రాశారు. యజమాని సంతకం పెట్టాడు. కావలి పని దొరికిన బాతుకు ఆయుష్షు పెరుగుతుంది. దాన్ని ఎవరూ కొయ్యరు.

కానీ ఆ ఊరే మాకు పెద్ద దెబ్బ కొట్టింది. 1983 వానాకాలం. గౌరి ఆ ఏడు పదకొండు పిల్లలను చేసింది. ఊళ్లో నూనె మిల్లులు చాలా ఉండేవి, బుడ్డల (వేరుశనగ) చెక్క చవక. ఇంటికి ఒక బస్తా వచ్చింది. వర్షానికి ఒక మూల తడిసి పచ్చగా బూజు పట్టింది. ఎండబెట్టి నలిపి తవుడులో కలిపి పెట్టాం. పెట్టింది నేనే. నాలుగు రోజుల్లో ఎనిమిది పిల్లలు పోయాయి. మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు చాపి, ఒకదాని తర్వాత ఒకటి. గౌరి ఎప్పటిలా గట్టు మీద గడ్డికి పోయింది కాబట్టి మిగిలింది.

ఆ ఏడాదంతా ఆ పిల్లలు నాకు కళ్లలో మెదిలేవి. కారణం వెతుక్కుంటూ పోతే 1960 నాటి ఇంగ్లండు దొరికింది. ఆ ఏడు అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చాయి, బాతు పిల్లలూ పోయాయి. తెలియని జబ్బు కాబట్టి దానికి టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. చివరికి తేలింది ఏమిటంటే, బ్రెజిల్ నుంచి తెప్పించిన బుడ్డల చెక్కలో ఆస్పర్జిల్లస్ అనే బూజు విషం. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. ఎండబెడితే పోదు, ఉడకబెట్టినా పోదు. పక్షుల్లోకెల్లా బాతు పిల్లలే దానికి త్వరగా బలవుతాయి. బుడ్డలు పండే ఊళ్లో ఉండి, బుడ్డల చెక్క గురించి ఇంగ్లండు చెప్తే తెలుసుకున్నాను. పత్తి చెక్క సంగతీ అప్పుడే చదివాను. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. బర్రె కడుపులో నెమరువేసే అర దాన్ని చాలావరకు కట్టడి చేస్తుంది. పక్షికి ఆ అర లేదు. బర్రె పాలకు మంచిదని పెట్టే చెక్క బాతుకు మెల్లగా పనిచేసే విషం. పత్తికీ బుడ్డలకీ పేరుపడ్డ ఊళ్లో ఆ రెండు చెక్కలే బాతుకు యముళ్లు. ఇది నా బడి పిల్లలకు పాఠంలో లేకపోయినా ప్రతి ఏడూ చెప్పాను.

తర్వాతి శత్రువు నేల. మా ఇంటి వరండాలో, పెరట్లో సగం దాకా బేతంచెర్ల నాపరాళ్లు పరిచారు. కడుక్కోవడానికి సుఖం. కానీ నాలుగైదు కిలోల బరువున్న పక్షి పగలంతా బండ మీద నడిస్తే పాదం కింద ఆనె కాసి, పగిలి, చీము పడుతుంది. నడవలేని బాతు మేతకు పోదు, మేతకు పోనిది నీరసపడుతుంది, నీరసపడినదాన్ని కుక్క పట్టుకుంటుంది. మరణం ఒక్క కారణంతో రాదు, మెట్లు మెట్లుగా దిగి వస్తుంది. సగం బండలు తీయించి ఇసుక పోయించాక గౌరి కుంటు తగ్గింది. మే నెలలో ఆదోని ఎండ సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. వేపచెట్టు నీడా తొట్టినిండా నీళ్లూ లేకపోతే దాని ఆయుష్షులో సగం వేసవులే తినేసి ఉండేవి.

పెంపుడు పెద్ద బాతు సరిగ్గా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇరవై దాటేవీ ఉంటాయి. గుడ్లు రెండో ఏట మొదలై నాలుగైదేళ్లు జోరుగా వస్తాయి, తర్వాత తగ్గుతాయి. గౌరి చివరి పిల్లలను చేసింది పన్నెండో ఏట. అందరూ మళ్లీ మళ్లీ చెప్పే రికార్డు ఇంగ్లండులోని లాంకషైర్‌ది. జార్జ్ అనే పోతుబాతు 1927 ఏప్రిల్‌లో పుట్టి 1976 డిసెంబరులో పోయింది. నలభై తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు. పుట్టిన నెల తెలిసింది కాబట్టే అది రికార్డయింది.

ఇక అడవి బాతు. దాన్ని మన పూర్వులు హంస అన్నారు. నీళ్లనూ పాలనూ వేరుచేసేది, నలదమయంతుల మధ్య రాయబారం నడిపింది హంసే. లేపాక్షి చిత్రాల చీరల అంచుల్లో బారులు తీరిందీ అదే. మన సాహిత్యంలోనూ శిల్పంలోనూ ఉన్న హంస చాలాచోట్ల ఈ బాతేనని డచ్చి పండితుడు ఫోగెల్ 1962లో ఒక పుస్తకమే రాశాడు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చి, ఎండలు ముదరగానే మానససరోవరం వైపు పోయే పక్షి అని కవులు చెప్పింది కూడా దీనికే అతుకుతుంది. తెల్లటి తల, వెనక రెండు నల్ల పట్టెలు, పసుపు ముక్కు, రెండు మూడు కిలోల బరువు. నేను పట్టెతల బాతు అంటాను. టిబెట్టులో, మంగోలియాలో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి మన దక్కను చెరువులకు వస్తుంది. వీపున పరికరం కట్టి కొలిస్తే నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. ఆ ఎత్తులో ఉండే పలచని గాలిలోంచి ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగల రక్తం దానిది.

హంసను చంపకూడదని మన దేశంలో మొదట రాయించింది అశోకుడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన అయిదో స్తంభశాసనంలో చంపకూడని జీవుల జాబితా ఉంది. చిలక, గోరింక, చక్రవాకం, ఆ వెంటనే హంస. ఆ స్తంభాలు ఉత్తరాదివి. కానీ మన జిల్లాలోనే, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద అదే రాజు మాటలున్నాయి. పశువులకూ మనుషులకూ వైద్యం ఏర్పాటు చేయించానని, మందుమొక్కలు లేనిచోట నాటించానని. 1990లో తొమ్మిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయాను. ఒక పిల్లవాడు రాతి మీది గీతల్ని వేలితో తడుముతూ "టీచర్, ఇది చెరిగిపోలేదే" అన్నాడు. మా తలుపు వెనక రాత గుర్తొచ్చింది నాకు.

తెల్లదొరల కాలానికి హంస మళ్లీ పుస్తకమెక్కింది, కానీ తుపాకి గురిగా. కాంగ్రెసు పుట్టుకకు కారకుడైన హ్యూమే 1879కీ 1881కీ మధ్య మార్షల్‌తో కలిసి ఈ దేశపు వేటపక్షుల మీద మూడు సంపుటాలు అచ్చువేశాడు. బాతులన్నీ అందులో ఉన్నాయి. బరువులు కొలిచారు, రెక్కలు కొలిచారు. వయసు కొలిచే దారి మాత్రం అప్పటికి లేదు. ఆ దారి దొరికింది 1899లో. డెన్మార్కులో మార్టెన్‌సెన్ అనే బడిపంతులు గోరింకల జాతి పక్షుల కాళ్లకు నంబరున్న అల్యూమినియం రింగులు తొడిగి వదిలాడు. అడవి పక్షికి తలుపు వెనక తేదీ రాసినవాడు అతను. మన దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959 నుంచి, సలీం అలీ గారి ఆధ్వర్యంలో, ఆ పనిని పెద్దఎత్తున చేపట్టింది.

రింగుల వల్ల తేలిన వయసులు చూస్తే మనసు నిండుతుంది. 1969లో అమెరికాలో రింగు పడిన కెనడా బాతు ఒకటి ముప్పై మూడేళ్లకు పైబడి బతికి, 2001లో వేటగాడికి దొరికింది. బ్రిటన్‌లో చలికాలం గడిపే గులాబికాళ్ల బాతు ఒకటి ముప్పై ఎనిమిదేళ్లు దాటింది. అయితే రికార్డు వేరు, మామూలు బతుకు వేరు. అడవి బాతుల్లో ఎదిగినవి నూటికి ఎనభై అయిదు చొప్పున ఏడాది దాటాయనుకోండి. మంచి ఏళ్లలో దాటేది దాదాపు అంతే. ఈ ఏడు వంద ఉంటే పదేళ్లకు ఇరవై మిగులుతాయి. ఇరవయ్యేళ్లకు నాలుగు. ముప్పై ఏళ్లకు ఒకటి మిగిలితే గొప్ప. పుట్టిన మొదటి ఏడు ఇంకా గండం. నక్క, డేగ, చలి, మొదటి పెద్ద ప్రయాణం. ముసలితనం వచ్చి చచ్చే అడవి బాతు చాలా అరుదు. శరీరానికి ముప్పై ఏళ్ల శక్తి ఉంటుంది, చుట్టూ ఉన్న లోకం సగటున ఆరేడేళ్లే ఇస్తుంది. గౌరికీ దానికీ తేడా రక్తంలో లేదు. రాత్రి అడ్డంపెట్టిన రాయిలో ఉంది.

మా ప్రాంతం పట్టెతల బాతుకు ఏం ఇచ్చిందో చూడాలంటే నీళ్ల చరిత్ర చూడాలి. ఇది వాన దోబూచులాడే సీమ. 1876–77 ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభాలో నాలుగో వంతు తగ్గిపోయింది. చెరువులు అడుగంటిన ఏడు పక్షి ఎక్కడ దిగుతుంది? 1953లో రెండు జరిగాయి. హొస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట నీళ్లు వదిలింది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు మనకు వచ్చాయి. దిగువ కాలువ పారి ఈ రేగడిలో చలికాలం కూడా పచ్చదనం నిలిచింది. తర్వాత గోనెగండ్ల దగ్గర హంద్రీ మీద గాజులదిన్నె జలాశయం కట్టారు, దానికి దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. మనిషి తన కోసం నిలిపిన నీళ్లు హంసకు కూడా విడిది అయ్యాయి.

1986 జనవరిలో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరకు పోయి వస్తూ గాజులదిన్నె దగ్గర ఆగాం. పొద్దుగూకే వేళ నీటి మధ్య నుంచి వాటి గుంపు లేచింది. పగలంతా నీళ్ల నడుమ భద్రంగా కూర్చుని, చీకటిపడ్డాక చేలలో మేతకు పోవడం వాటి పద్ధతి. మనిషి భయం నేర్పిన పద్ధతి. గట్టున పప్పుశనగ చేను రైతు కంబళి కప్పుకుని కూర్చున్నాడు.

"ఇవి మొలక కొరికేస్తాయి టీచరమ్మా. రాత్రంతా డబ్బా కొట్టాల."

"కొట్టు నాయనా. మందు కలిపిన గింజలు మాత్రం చల్లొద్దు."

"అంత పాపం ఎందుకు చేస్తాంలేమ్మా. యాడినుంచో బతకను వచ్చినాయి. మావాళ్లు గుంటూరు పోలేదా?"

ఆ మాట నన్ను కదలనివ్వలేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల్లో ఖరీఫు అయిపోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి, అంటే గుంటూరు మిరపకోతకు, పత్తితీతకు లారీల్లో పోతారు. పిల్లలు బడి మానుతారు. నా హాజరుపట్టీలో చలికాలమంతా సున్నాలే. మంగోలియా నుంచి బాతులు ఇక్కడ దిగే రోజుల్లోనే మా పిల్లలు ఇక్కడినుంచి వెళ్లిపోయేవారు. ఎండలు ముదిరాక బాతులు పోయేవి, పిల్లలు వచ్చేవారు. ఆ రైతు తన నష్టాన్ని లెక్కపెట్టుకుంటూనే ఈ పోలిక చూశాడు. ఆ చేలో ఆ ఏడు ఒక్క బాతూ చావలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తుపాకుల చప్పుడు తగ్గింది కానీ వేరే కారణాలు వచ్చాయి. మందు కొట్టిన చేలు, చెరువుల మీదుగా లాగిన కరెంటు తీగలు, చెరువుల అడుగున దున్నకాలు. 2005 మేలో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూ వచ్చి వేల పక్షులు చచ్చాయి. వాటిలో పట్టెతల బాతులే ఎక్కువ. చలికాలం మన దగ్గర గడిపే జాతి వేసవిలో అక్కడ రాలిపోయింది. ఈ రెండు చోట్లలో ఒకటి బాగుంటే సరిపోదు. మైసూరు దగ్గర హదినారు చెరువులో, మంగోలియాలో మెడకు పట్టీ వేసిన బాతులు కనబడ్డాయి. పట్టీ మీది అక్షరాలు దుర్భిణీతో చదివి రాసుకున్నవాళ్ల వల్లే ఆ పక్షి ఎక్కడ పుట్టింది, ఎన్నేళ్లుగా తిరుగుతోంది అన్నది తెలిసింది.

ఎమ్మిగనూరు ఇల్లు 2006లో పడగొట్టి మిద్దె కట్టారు. ఆ తలుపును నేను అడిగి తెచ్చుకున్నాను. బొగ్గు మసకబారింది, అయినా "మాఘ" చదవడానికి వస్తుంది. దాని కింద నా చేత్తోనే తర్వాత రాసినవి ఉన్నాయి. గౌరి సంతానంలో చివరిది 1987లో పుట్టి 2006లో పోయింది, పంతొమ్మిదేళ్లు. 1983 పిల్లల పక్కన ఎనిమిది అడ్డగీతలు.

ఇది చదివేవారిలో బాతులు పెంచేవాళ్లుంటే ఒక్కటే అడుగుతున్నాను. బూజు పట్టిన చెక్క ఎంత చవకగా వచ్చినా పెట్టకండి. పిల్లలు లేచిన రోజు తలుపు వెనకో గోడ మీదో తేదీ రాయండి. చెరువు గట్టున, చేలో, కాలికి రింగున్న పక్షి కనబడితే, చచ్చి పడి ఉన్నా సరే, ఆ నంబరు రాసుకోండి. రింగు మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పేరుంటే తేదీ, ఊరు వేసి వారికి ఒక ఉత్తరం పంపండి. బతికి ఉంటే నంబరు మాత్రం రాసుకుని వదిలేయండి.